బావ సైకిలుకు అమ్మ పెట్టిన పసుపు

ఆదివారం పొద్దున నేను బండి కిక్కు కొడితే కొత్తవాడలో మా వాడకట్టుకు అలారం అక్కర్లేదు. తిట్టుకునేవాళ్లు తిట్టుకుంటారు, లేచేవాళ్లు లేస్తారు. బ్యాంకులో ఉద్యోగం పర్మనెంటు అయిన ఏడాది అందరూ గాజులు చేయించుకొమ్మంటే, నేను పోయి ఈ పాత మోటారు సైకిలు కొనుక్కొచ్చాను. బాగా బరువు. సెల్ఫు స్టార్టు లేదు. రెండు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ము బ్రేకులు, అంటే బ్రేకు సామానంతా ఒక డబ్బాలో మూసి ఉంటుంది. నడిపేది నేను, వెనక కూర్చునేది మా ఆయన. ఆయనకు హ్యాండిలు పట్టుకోవడం కంటే చుట్టూ చూడడం ఇష్టం. మా ఇద్దరికీ లేని ఇబ్బంది చూసేవాళ్లకు ఉంటుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను ఎవరితోనూ వాదించను. గేరు వేసి వెళ్లిపోతాను.

మా అక్క భర్త, అంటే మా బావ, ఇంకో రకం పిచ్చోడు. ఉండేది హన్మకొండలో, వర్ధన్నపేట పక్క ఊళ్లో హైస్కూలు లెక్కల సారు. షుగరు వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెబితే, "నడుసుడు బోరు" అని చాలా రోజులు ఆలోచించి, చివరికి లావు టైర్లు, గేర్లు, ముందర షాకబ్జర్లు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు ఉన్న మౌంటెన్ సైకిలు కొనుక్కొచ్చాడు. గుట్టలెక్కి దిగే సైకిలు. అక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "కారు కొందామంటే సైకిలు తెచ్చిండు. రేపు పలక పట్టుకొని బడికి పోతడు" అంది. బావ ఆ మాటకు ఏమీ అనుకోలేదు. ఆ సాయంత్రమే దాన్ని మా ఇంటికి తొక్కుకొచ్చి, నా బండి పక్కన నిలబెట్టి, నన్ను బయటికి పిలిచాడు.

"మరదలా, నీ బండి కిలోమీటరుకు ఎంత పెట్రోలు తాగుతది?"

"నీ సైకిలు కిలోమీటరుకు నీ నెత్తురు ఎంత తాగుతది బావా?"

ఇట్లా మొదలైంది. బావా మరదళ్ల మధ్య వాదం మొదలవడమే గానీ అయిపోవడం ఉండదు కదా. ఆ వాదం మీద ఆసక్తితో మా చుట్టూ చేరినవాళ్లే తర్వాత మా గుంపు అయ్యారు. మా బ్యాంకులో ఒకరిద్దరు, బావ బడిలో ఒకరిద్దరు, పవర్‌లూమ్‌లు నడిపే మా వీధి పిల్లలు, ఒక దవాఖానాలో నర్సుగా చేసే మరిపెడ అమ్మాయి. సగం మందివి మోటారు సైకిళ్లు, సగం మందివి తొక్కే సైకిళ్లు. మాకు పేరు లేదు, ఫీజు లేదు, అందరికీ ఒకే రంగు బనియన్లు లేవు. ఒకటే కట్టుబాటు ఉంది. పోయేటప్పుడు పెట్రోలు ముందు పోవద్దు. అందరికంటే వెనకబడ్డ సైకిలు వెనకాలే మోటారు సైకిళ్లన్నీ రావాలి. నీళ్లు, టిఫిను, పంక్చరు సామాను మా బండ్ల మీద. వచ్చేటప్పుడు ఎవరి ఇష్టం వాళ్లది.

మొదట్లో నాకు ఈ కట్టుబాటు చూస్తే ఒళ్లు మండింది. అంత బండి పెట్టుకుని, సైకిలు వెనక పెండ్లి ఊరేగింపులాగా పోవడమేంటని. నాలుగు వారాలు పోయాక తెలిసింది. వేగంగా పోవడం ఎవరికైనా వస్తుంది, బండే తీసుకుపోతుంది. బరువైన బండిని మెల్లగా, ఆగకుండా, కాలు కింద పెట్టకుండా తీసుకుపోవడమే నడపడం. క్లచ్చు ఎంత వదలాలో వేళ్లకు తెలియాలి. ఇంజను చప్పుడు ఫుట్‌రెస్టులోంచి మడమల్లోకి, అక్కడి నుంచి కడుపులోకి వస్తుంటే, బండి నాతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఖమ్మం రోడ్డు మీద వాగు దగ్గరికి వచ్చేసరికి గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. కారులో పోయేవాళ్లకు ఆ సంగతే తెలియదు. వాళ్లను చూస్తే నాకు నిజంగా జాలి.

నెలకోసారి మేము తాళాలు మార్చుకుంటాం. సైకిలువాళ్లు మా బండ్లు, మేము వాళ్ల సైకిళ్లు. మొదటిసారి బావ సైకిలు మీద, మేము ఎప్పుడూ పోయే వర్ధన్నపేట దారి గుట్ట ఎక్కబోయి, సగం దూరంలో ఊపిరి ఆడక, నేను కొన్ని మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను. కానీ దిగేటప్పుడు సీటు మీంచి నడుము లేపి, మోకాళ్లు వదులుగా పెట్టి, రాయి మీంచి రాయి మీదికి సైకిలు దూకుతుంటే, ఇంజను చప్పుడు లేని ఆ నిశ్శబ్దంలో నా ఊపిరి నాకే వినబడింది. ఎక్కడో కౌజు పిట్ట అరిచింది. అంతకుముందు అన్నిసార్లు ఆ గుట్ట దగ్గరికి పోయినా, అక్కడ పిట్టలున్నాయని నాకు తెలియదు. కింద టీ హోటలు దగ్గర బావ నా బండి దిగుతూ, "దీని మీద కూసుంటే నేను లెక్కల సారునని మర్చిపోయిన" అన్నాడు. నేను కూడా ఒక మంచి మాట అందామనుకున్నాను గానీ, బావకు అంత తొందరగా లొంగడం నాకు ఇష్టం లేదు. "సీటు గట్టిగున్నది" అన్నాను.

ఇంతవరకు అంతా సంతోషమే. ఇప్పుడు చెప్పేది మా అమ్మ సంగతి.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. నాన్న పోయి కొన్నేళ్లయింది. అప్పటినుంచి నేనూ మా ఆయనా అమ్మ దగ్గరే ఉంటున్నాం. మగ్గం ఇప్పటికీ ముందు గదిలో ఉంది, అమ్మ మనసు పుట్టినప్పుడు కూర్చుని నేస్తుంది. నాన్న ఉన్నప్పుడు ప్రతి దసరాకు మగ్గం, కత్తెరలు, పోగు నడిపే నాడెలు, నా బండి, ఇంట్లో ఇనుప సామాను అంతా కడిగి పెడితే అమ్మే అన్నింటికీ పసుపు కుంకుమ పెట్టేది. నాన్న పోయిన ఏడాది దసరాకు తనంతట తానే పక్కకు జరిగి నిలబడింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. భర్త లేని ఆడది శుభానికి చెయ్యి పెట్టదు, అంతే. కుంకుమ భరిణె అక్క చేతికి మారింది. నేను అప్పుడు ఎంత ఎగిరినా అమ్మ వినలేదు. "లోకం ఏమంటదో నీకెర్కలేదు బిడ్డా" అని వంటింట్లోకి పోయింది.

పోయిన దసరాకు బావ పట్టుబట్టాడు. సైకిలును తళతళా తుడిచి, మా ఇంటి వాకిట్లో నిలబెట్టి, అమ్మను పిలిచాడు.

"అత్తమ్మా, దీనికి నువ్వే బొట్టు పెట్టాలె."

"నేనెందుకయ్యా. పెద్దది ఉన్నది గద, అది పెడ్తది."

"అది నా సైకిలును సవతి లెక్క చూస్తది. అది పెడితే నా టైరు పంక్చరే. నువ్వు పెడితే పెట్టు, లేకుంటే గిట్లనే వాకిట్ల ఉంటది. నేనూ ఈడనే కూసుంట."

అని నిజంగానే అరుగు మీద కూర్చున్నాడు. పండుగ పూట అల్లుడు వాకిట్లో అలిగి కూర్చుంటే ఏ అత్త ఊరుకుంటుంది? అమ్మ నవ్వింది. బావను నిమ్మకాయలకు దుకాణానికి పంపి, కొంగు నడుముకు చెక్కుకుంది. అక్కా నేనూ వంటింట్లో మటను కూర దగ్గర ఉన్నాం. మేము బయటికి వచ్చేసరికి సైకిలు హ్యాండిలుకు బంతిపూల దండ, ముందు చక్రం కింద నిమ్మకాయ, గొట్టాల మీద వరుసగా బొట్లు. నా బండికి కూడా పెట్టింది. ఆ రోజు అమ్మ ముఖం చూసి నాకు కడుపు నిండిపోయింది. పక్కింటి పెద్దమ్మ, అంటే నాన్న అన్న భార్య, గోడ మీంచి అంతా చూసింది.

దసరా తెల్లారి ఆదివారం. ముందు రోజు తిన్న మటను కరగాలని గుంపు మొత్తం వచ్చింది. వర్ధన్నపేట దారిలో రోడ్డు పక్కన మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి, చేలల్లో పత్తి మొదటి ఏరుడు నడుస్తోంది. దారిలో ఒకచోట గొర్రెలు అడ్డం వస్తే బావ బ్రేకు పట్టాడు. కీచుమంది, ఆలస్యంగా ఆగింది. నేను వెనకనుంచి అడిగాను.

"ఏంది బావా, బ్రేకు పడ్తలేదా?"

"మొన్ననే కొత్త ప్యాడ్లు వేసిన. నాలుగు రోజులు గిట్లనే ఉంటది, ఫికర్ చెయ్యకు."

అది నిజమే. కొత్త ప్యాడ్లు మొదట్లో సరిగ్గా పట్టవు. 

గుట్ట దగ్గర మోటారు సైకిళ్లు కింద ఆగాయి, సైకిళ్లు పైకి పోయాయి. మేము టిఫిను డబ్బాలు తెరిచాం. ఒక్కొక్కరే దిగి వస్తున్నారు. బావ అందరికంటే ఆఖరున వస్తాడు, వెనకబడి కాదు, దారి ఖాళీగా ఉంటే ఆయనకు హాయి. పైన ఆయన కనిపించాడు. మామూలుగా మలుపు దగ్గర బ్రేకు పట్టిన చప్పుడు చిన్నగా వస్తుంది. ఆ రోజు పలక మీద బలపం గీసినట్టు పొడుగ్గా వచ్చింది, సైకిలు మాత్రం ఆగలేదు. "జరుగుండ్రి! జరుగుండ్రి!" అని అరుస్తూ వస్తున్నాడు. కింద మేమంతా ఉన్నాం, బండ్లున్నాయి. మా మీదికి రాకుండా హ్యాండిలు పత్తి చేను వైపు తిప్పాడు. గట్టు తగిలి సైకిలు ఒక దిక్కు, బావ ఒక దిక్కు ఎగిరిపడ్డారు.

 ధైర్యం గల ఆడదాన్నని వీధి మొత్తం అనుకుంటుంది, నేనూ అనుకుంటాను. ఆ క్షణం నేను పరిగెత్తలేదు, నిలబడిపోయాను. నర్సు అమ్మాయే ముందు ఉరికింది. నేను చేరేసరికి బావ పత్తి చెట్ల మధ్య వెల్లకిలా పడి, "సైకిలుకు ఏమన్న అయిందా చూడు మరదలా" అంటున్నాడు. అప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. తిట్టడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి నా చున్నీతో ఆయన చెయ్యి మెడకు కట్టింది. భుజం దగ్గర ఎముక విరిగింది, ఇంకేమీ కాలేదు. దవాఖానాలో అదే చెప్పారు. చెయ్యి కదపకుండా నెలన్నర ఉండాలన్నారు.

దవాఖాన నుంచి బావను దగ్గరని మా ఇంటికే తీసుకొచ్చాం. వాకిట్లో ఆటో దిగుతుంటే పెద్దమ్మ తన గడప మీద నిలబడి ఉంది. ఆమె చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి. కానీ ఆ రోజు ఆమె నోట్లోంచి వచ్చిన మాట నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను.

"పెట్టగూడని చేత్తోని బొట్టు పెట్టిపిస్తే గిట్లనే అయితది. నేను నిన్ననే అనుకున్న."

నేను చెప్పులు విప్పుతున్నదాన్ని అట్లాగే తిరిగాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. అమ్మ మాత్రం అల్లుడి చేతి కట్టు వైపు చూసింది, తన అరచేతుల వైపు చూసుకుంది, లోపలికి వెళ్లింది.

ఆ రోజు నుంచి అమ్మ మారింది. ఏడవలేదు, అన్నం మానలేదు. నేను బండి తీసేటప్పుడు ఎప్పుడూ గేటు దగ్గరికి వచ్చి "జర మెల్లగ" అనే మనిషి, ఇప్పుడు నేను హెల్మెటు పట్టుకోగానే వెనక గదిలోకి పోతుంది. నాకు ఎదురు రావొద్దని. ఒక పొద్దున నేను తాళాలు మరిచిపోయి తిరిగి వస్తే, గుమ్మంలో ఎదురుపడి, దొంగతనం చేస్తూ దొరికినట్టు గోడకు జరిగి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సొంత కూతురి ముందు. నేను ఆ రోజు బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చున్నాను గానీ, ఏం చేశానో నాకు తెలియదు. నాన్న పోయినప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు.

కొన్నాళ్లకు బావ హన్మకొండలో తన ఇంటికి పోయాడు, సైకిలు అక్కడ వరండాలో పడుకోబెట్టి ఉంది. నేను పోయేసరికి బావ ఒంటి చేత్తో దాని ముందు చక్రం విప్పడానికి తంటాలు పడుతున్నాడు. నేను విప్పి ఇచ్చాను. డిస్కు అంటే చక్రం మధ్యలో చక్రంతో పాటు తిరిగే ఒక పల్చని ఇనుప రేకు. బ్రేకు లీవరు నొక్కితే రెండు ప్యాడ్లు రెండు వైపులా ఆ రేకును పట్టుకుంటాయి, చక్రం ఆగుతుంది. బావ ఆ రేకును వేలితో రాశాడు. వేలు పచ్చగా అయింది. వాసన చూశాడు. నాకూ చూపించాడు. నువ్వుల నూనె.

ఒక్క క్షణం ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత బావ నవ్వడం మొదలుపెట్టాడు, భుజం నొప్పికి "అబ్బా" అంటూ నవ్వాడు. "అత్తమ్మ నా బ్రేకుకు పోపు పెట్టింది!"

నాకు మొత్తం అర్థమైంది. ఇనుముకు నీళ్లు తగిలితే తుప్పు పడుతుందని మా ఇంట్లో నీళ్ల పసుపు ఇనుముకు పెట్టరు. దీపం నూనెలో పసుపు కలిపి పెడతారు. పైగా మగ్గం పని చేసిన చెయ్యి. కదిలేదానికి, తిరిగేదానికి చుక్క నూనె పడాలని అమ్మ లెక్క. కొంగుతో తుడిచి, మెరిసేదాకా రెండు చక్రాల రేకులకూ నూనె పట్టించి ఉంటుంది. నా బండి బ్రేకులు డబ్బాలో మూసి ఉంటాయి కాబట్టి దానికేమీ కాలేదు. అల్లుడి సైకిలు మీద ప్రేమ ఎక్కువై, ఎక్కడ పెట్టకూడదో సరిగ్గా అక్కడే పెట్టింది.

నేను లేచాను. "పోయి అమ్మకు చెప్త."

అక్క వంటింట్లోంచి వచ్చింది. "ఏం చెప్తవ్?"

"నూనె తోని పడ్డడు, నీ చేతి తోని కాదని."

"నూనె పెట్టిందెవరు? అమ్మనే గద. పెద్దమ్మ అన్నది చాలదా, ఇప్పుడు నువ్వు పోయి నిజంగనే నీ చెయ్యి తోనే పడ్డడని రుజువు చేస్తవా? చెప్పకు. నెల పోతే అన్నీ మర్చిపోతది."

అక్క మాటలో తప్పు లేదు. కూతురిగా ఆమె భయం ఆమెది. కానీ నేను అప్పుడు అన్న మాటే ఇప్పుడూ అంటాను. "తప్పు చేసిందంటే దిద్దుకుంటదక్కా. ఇయ్యాల నూనె పెట్టింది, రేపు పెట్టదు. తన చెయ్యే పాడుదనుకుంటే దాన్నేం దిద్దుకుంటది? చెయ్యి నరుక్కుంటదా?"

 బావ ఒంటి చేత్తో చొక్కా సర్దుకుంటూ, "ఆటో పిలువు మరదలా. చెప్పుడు కాదు, చూపెడదాం" అన్నాడు.

ట్రాలీ ఆటోలో సైకిలు వేసుకుని మా ఇంటికి వచ్చాం. అమ్మ మగ్గం గదిలో ఉంది. బావ పిలిస్తే గుమ్మం దాకా వచ్చింది, సైకిలును చూసి అక్కడే ఆగింది. నేను ముందు చక్రం బిగించి, సైకిలు ముందు భాగం పైకి ఎత్తి పట్టుకున్నాను. బావ మంచి చేత్తో చక్రాన్ని తిప్పి, లీవరు నొక్కాడు. కీచుమంటూ చక్రం తిరుగుతూనే ఉంది. తర్వాత నేను ఆ రేకును స్పిరిటుతో తుడిచాను. దూది పచ్చగా వచ్చింది. మళ్లీ తుడిచాను. నూనె తాగిన ప్యాడ్లు తీసేసి కొత్తవి పెట్టాను. మళ్లీ చక్రం తిప్పాం.

"అత్తమ్మా, నువ్వు వచ్చి దీన్ని నొక్కు."

అమ్మ రాలేదు. బావ వేచి చూశాడు. చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. అప్పుడు వచ్చి, రెండు వేళ్లతో, కాలుతుందేమో అన్నంత భయంగా లీవరు నొక్కింది. చక్రం టక్కున ఆగింది. అమ్మ చెయ్యి తీయలేదు. వంగి ఆ రేకు వైపు, ప్యాడ్ల వైపు, పచ్చటి దూది వైపు చూసింది. మగ్గంలో తెగిన పోగు ఎక్కడుందో వెతికేటప్పుడు కూడా ఆమె చూపు అట్లాగే ఉంటుంది.

"గిది తిరుగుడు కోసం కాదా? ఆపుడు కోసమా?"

"ఆపుడు కోసమే."

"మరి గంత మెరుస్తాంటే, తిరిగేదనుకోని నూనె పట్టిస్తిని."

"తెలిసింది అత్తమ్మా."

"తెలిసిందా? ముందుగాల చెప్పద్దా? సార్లు, బ్యాంకులోళ్లు, ఇంట్ల ఇందరున్నరు. దీనికి నూనె పెట్టద్దు అని ఒక్కరన్న చెప్పిండ్రా? బొట్టు పెట్టు బొట్టు పెట్టు అని నా పానం తింటిరి!"

అమ్మ తిట్టింది. ఇద్దరినీ కలిపి, వీధి చివరి దాకా వినబడేటట్టు తిట్టింది. నా జీవితంలో ఏ తిట్లూ నాకు అంత తీయగా లేవు. బావ చేతులు కట్టుకుందామంటే ఒక చెయ్యే ఉంది, దానితోనే దండం పెట్టాడు. "సగం తప్పు నాది. బ్రేకు కీచుమన్నప్పుడే ఆగాలె, ఆగలే" అన్నాడు. అమ్మ ఆయనకు చాయ పెట్టింది, గొణుక్కుంటూనే.

దాంతో అయిపోయిందనుకున్నాను. కాలేదు. కోపం వచ్చింది గానీ, నేను మర్నాడు బండి తీసేసరికి అమ్మ మళ్లీ వెనక గదిలోనే ఉంది. ఎందుకే అంటే, "బ్రేకు సంగతి వేరు, లోకం సంగతి వేరు" అంది. బుద్ధికి తెలిసినంత తొందరగా ఒంటికి తెలియదు. నేను పట్టుబట్టి లాగితే వచ్చేది కాదు. నా స్వభావానికి ఊరుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. అయినా ఊరుకున్నాను.

బావ కట్టు విప్పిన కొన్నాళ్లకు మా నర్సు అమ్మాయి కొత్త మోటారు సైకిలు కొనుక్కుంది. అంతకు ముందు దాకా గుంపులో ఎవరి వెనకాలో కూర్చుని వచ్చేది, నా బండి మీదే నేర్చుకుంది. షోరూము నుంచి నేరుగా మా ఇంటికి తీసుకొచ్చింది, వెనక గుంపంతా. కట్టుబాటు ప్రకారం సైకిళ్లు ముందు, మోటారు సైకిళ్లు వెనక. మా వీధి నిండిపోయింది. ఒకరు ట్యాంకు మీద చేత్తో నిమురుతున్నారు, ఒకరు వంగి సైలెన్సరు చూస్తున్నారు, సైకిలువాళ్లు కూడా సిగ్గు విడిచి వంతుల వారీగా సీటు మీద కూర్చుంటున్నారు. ఆ అమ్మాయి చేతిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, పూల దండ.

పెద్దమ్మ తన గడప దిగి వచ్చింది, చేతిలో తన కుంకుమ భరిణె ఉంది. "దా బిడ్డా, నేను పెడుత" అంది. మంచి మనసుతోనే అంది.

ఆ అమ్మాయి పెద్దమ్మకు వంగి కాళ్లు మొక్కింది. లేచి, మా గుమ్మంలో నిలబడ్డ అమ్మ వైపు చూసింది. "మా అమ్మ మరిపెడల పత్తి ఏరవోయింది, ఇయ్యాల రాలేదు. ఆమె వచ్చినా ఆమె గూడ నీ లెక్కనే, మా నాయిన లేడు. నాకు మా అమ్మ చెయ్యి మంచిదే. నువ్వు పెట్టమ్మా."

 అమ్మ లోపలికి వెళ్లిపోయింది. పెద్దమ్మ భరిణె మూత తీసింది. నేను కళ్లు మూసుకున్నాను, నిజంగానే, చూడలేక. బావ నా పక్కనే నిలబడి, "జర ఆగు మరదలా" అని మెల్లగా అన్నాడు.

అమ్మ బయటికి వచ్చింది. ఒక చేతిలో కుంకుమ భరిణె, ఇంకో చేతిలో పసుపు గిన్నె. మెట్లు దిగింది, గుంపు జరిగి దారిచ్చింది. కొత్త బండి ముందు నిలబడి, దాన్ని పైనుంచి కింది దాకా చూసి, మమ్మల్ని అందరినీ ఒక్క చూపు చూసింది.

"ముందుగాల దీని బ్రేకు ఏడున్నదో నాకు చూపెట్టుండ్రి."

బావ మోకాళ్ల మీద కూర్చుని రెండు చక్రాల రేకులూ చూపించాడు. అమ్మ తల ఊపింది. వాటి జోలికి పోకుండా ట్యాంకు మీద, హ్యాండిలు మీద, హెడ్‌లైటు మీద పసుపు పూసి, బొట్లు పెట్టింది. ఆ అమ్మాయి నుదుటి మీద కూడా పెట్టింది. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అమ్మాయి హెల్మెటు పెట్టుకుని బండి స్టార్టు చేసింది.

అప్పుడు అమ్మ పసుపు చేతులతోనే పెద్దమ్మ గడప ముందు నుంచి వీధి చివరి దాకా నడిచింది. మలుపు దగ్గర ఆగి, మా వైపు తిరిగి, కొంగు సర్దుకుంది.

"ఇగ తియ్యి బిడ్డా బండి," అని అక్కడి నుంచి అరిచింది. "నేను ఎదురొస్తున్న."